బస్తర్ సంతలో మా అమ్మ నోరు

మా అమ్మ నోట్లో నువ్వుగింజ నానదని భిలాయి సెక్టర్ 4లో అందరికీ తెలుసు. పొద్దున్నే పాలవాడొస్తే, మా నాన్న షిఫ్టు మారిన సంగతి, నా డిగ్రీ మార్కులు, తన మోకాలి నొప్పి అన్నీ వాడికి చెబితే గానీ గిన్నె లోపల పెట్టేది కాదు. అన్నిటికన్నా నాకు తల కొట్టేసినట్టుండేది ఇంకోటుంది. దుర్గ్ స్టేషన్లో కానీ కూరల బజారులో కానీ, హిందీ గోల మధ్య ఎక్కడ ఒక్క తెలుగు ముక్క చెవిన పడినా ఆవిడ నడక అటు తిరిగిపోయేది. "ఒలమ్మ, మనోళ్ళే! మీదే వూరండీ?" అని మొదలెట్టి, వాళ్ళ ఇంటిపేరూ, వియ్యాలవారి ఇంటిపేరూ రాబట్టేదాకా వదిలేది కాదు. భిలాయిలో మా పెద్దవాళ్ళందరికీ ఆ జబ్బు కాస్తో కూస్తో ఉంది. శ్రీకాకుళం నుంచీ విజయనగరం నుంచీ ఉక్కు ప్లాంటు కట్టడానికొచ్చి, క్యాంపుల్లో రేకుల కింద కాపురాలు పెట్టినవాళ్ళు కదా. తెలుగు వినపడితే చుట్టం కనపడ్డట్టే వాళ్ళకి. ఇక్కడే పుట్టి, తెలుగు కన్నా హిందీయే బాగా వచ్చిన నాకు మాత్రం ఒళ్ళు మండిపోయేది.

ఆ జబ్బు ఒకసారి ఒకావిడ కొంప ముంచబోయింది. తొంభైల మధ్యలో మాట. అప్పటికింకా మాది మధ్యప్రదేశే.

దుర్గ్ బజారు చింతపండంటే అమ్మకి కిట్టేది కాదు. పాతది, సగం గింజలు, సగం ఇసుక అని తిట్టేది. దక్షిణ బస్తర్లో ఇనుపగనుల కాలనీలో మా పిన్ని కాపురం. ఏటా చైత్రంలో అక్కడి సంతలో కొత్త చింతపండు కొని బస్తా పంపించేది. అది రాగానే వరండాలో చాప పరిచి, కత్తిపీటలు ముందేసుకుని, ఇరుగుపొరుగు ఆడవాళ్ళందరూ గింజలు తీసి, ఉప్పు కలిపి జాడీల్లో కుక్కేవారు. ఆ ఏడు పిన్నికి ఒంట్లో బాగోలేదని కబురొచ్చింది. చూసినట్టూ ఉంటుంది, చింతపండు తెచ్చుకున్నట్టూ ఉంటుందని అమ్మ ప్రయాణం కట్టింది. తోడు నేను.

నాన్న వద్దన్నాడు. "అటేపు గొడవలుగా వుందటే. అన్నలూ పోలీసులూ కాల్చుకుంటన్నారని రోజూ పేపర్లో రాస్తన్నాడు."

"కాల్చుకుంటే ఆళ్ళూ ఆళ్ళూ కాల్చుకుంటారు. చింతపండు కొనుక్కునేవోళ్ళతో ఆళ్ళకేటి పని?" అంది అమ్మ.

నిజం చెప్పాలంటే నేనూ అంతే అనుకున్నాను. హిందీ పేపరు లోపలి పేజీలో 'ముఠభేడ్' అని చిన్న వార్త వచ్చేది, ఎదురుకాల్పులని. ఊరి పేరు నోరు తిరిగేది కాదు. పేజీ తిప్పేసి సినిమా ప్రకటనలు చూసుకునేదాన్ని. బస్తర్ అంటే నాకు తెలిసింది ఎగ్జిబిషన్లో అమ్మే ఇత్తడి బొమ్మలు, అంతే. ఆ కాల్పులు జరిగే చోట వంట చేసుకునేవాళ్ళూ, పిల్లలకి పాలిచ్చేవాళ్ళూ ఉంటారన్న ఆలోచనే రాలేదు.

రాత్రి బస్సులో ఘాట్ రోడ్డంతా వాంతులు చేసుకుంటూ వెళ్ళి, పిన్నిని చూసి, సంత రోజున జీపు మాట్లాడుకున్నాం. డ్రైవరు ఆ ప్రాంతం మనిషే, పిన్నికి బాగా తెలిసినవాడు. పిన్నికి నీరసం, రాలేదు. "చంటిపిల్లతో కూకుంటాదొక గోండు ఆడమనిషి, దాని కాడే కొను, ఏటా దాని కాడే నాను కొనేది" అని మాత్రం చెప్పి పంపింది.

సంతలో ఆవిడ సులువుగానే కనపడింది. నాకన్నా నాలుగైదేళ్ళు పెద్దదేమో. ఒళ్ళో పిల్ల నిద్రపోతోంది, ముందు చింతపండు కుప్ప. అమ్మ ముక్క తుంచి నాలుక మీద వేసుకుని కళ్ళు మూసుకుంది. బేరం సగంలో ఉండగా చింతపండు ఆవిడ పక్కనే, ఆవిడ చాప మీదే కూచున్న ఒక పిల్ల, ఉప్పు దుకాణం దగ్గర నుంచున్న ఇంకో పిల్లతో అంది: "సబ్బులు తీసుకున్నవా? జల్ది రా."

తెలుగు! ఇంకేముంది, అమ్మ చింతపండు వదిలేసింది.

"ఒలమ్మ, మనోళ్ళే! మీదే వూరే అమ్మా? మాట సూస్తే మా యేపు కాదు, గోదారి అవతలేటి?"

ఆ పిల్ల ఉలిక్కిపడి చూసింది. ఇరవై కూడా ఉండవు. నలిగిన చీర, కాళ్ళకి మగవాళ్ళ బూట్లు. చీర కింద ఆ బూట్లు నేను చూశాను, అమ్మ చూడలేదు.

"ఏ ఊరూ లేదు పెద్దమ్మా. మీ పని చూస్కోండి."

"ఊరు లేనోళ్ళుంటారేటే? ఎంత సిక్కిపోనావే తల్లీ! మీ యమ్మకి తెలుసా నువ్విక్కడున్నట్టు?"

ఆ పిల్ల మొహం ఒక్క క్షణం మామూలు పిల్ల మొహమైపోయింది. అమ్మ ఊరుకుంటుందా, సంచిలోంచి జంతికల పొట్లం తీసి ఆ పిల్ల చేతిలో కుక్కేసింది. చుట్టూ బేరాలు ఆగిపోయాయి. పక్కన కోళ్ళు అమ్మే ముసలాయన తల దించుకున్నాడు. ఆ పిల్ల లేచి, "జల్ది పోండి పెద్దమ్మా, ఈడికెల్లి" అని మెల్లిగా చెప్పి, పొట్లం పట్టుకునే జనంలో కలిసిపోయింది. చింతపండు ఆవిడ ఒళ్ళోని చంటిదాన్ని గుండెకి హత్తుకుని, ఇక బేరం లేకుండా గబగబా బస్తా నింపేసింది.

జీపు సంత దాటాక డ్రైవరు బండి పక్కకి ఆపాడు. మా వైపు తిరిగాడు.

"మాతాజీ, ఏం చేశారో తెలుసా?" అన్నాడు హిందీలో. "ఈ సంతలో తెలుగు మాట్లాడేది రెండు రకాలవాళ్ళే. గనుల కాలనీవాళ్ళు, లోపలివాళ్ళు. ఆ పిల్ల లోపలి మనిషి."

అడవిలో తుపాకులు పట్టుకుని తిరిగేవాళ్ళని అక్కడ అలా అంటారు. తర్వాత అతను చెప్పింది చింతపండు ఆవిడ సంగతి. ఆవిడ బావగారు పోలీసులకి కబుర్లు మోస్తున్నాడని లోపలివాళ్ళు ఊరందరి ముందూ చంపేశారు. మోశాడో లేదో ఎవరికీ తెలీదు. ఆ తర్వాత అదే లోపలివాళ్ళకి అన్నం వండి పెట్టాడని ఆవిడ మొగుణ్ణి పోలీసులు పట్టుకెళ్ళారు. తుపాకీతో వచ్చి అడిగితే పెట్టక ఏం చేస్తాడు? ఇంకా జైల్లోనే ఉన్నాడు. ఒకే ఇంట్లో అన్నని వాళ్ళు, తమ్ముణ్ణి వీళ్ళు.

"ముందు పోలీసు పోస్టుంది. ఆ పిల్ల ఎవరి చాప మీద కూచుందో బయటపడితే ఈ రాత్రికే ఆవిణ్ణి ఎత్తుకుపోతారు. పోనీ కొట్టి వదిలేశారనుకోండి, ఏదో చెప్పేసే బయటికొచ్చిందని లోపలివాళ్ళు అనుకుంటారు. అడకత్తెరలో పోకచెక్క మాతాజీ, అటైనా ఇటైనా పోయేది ఆవిడే."

అమ్మ వైపు తిరిగి, "జన్మలో ఒక్కసారి నోరు మూసుకుంటావా అమ్మా? నీ కాళ్ళకి దండం పెడతాను" అన్నాను. అలా అరిచినందుకు అమ్మ తిట్టలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూచుంది.

పోస్టు దగ్గర కర్ర అడ్డం పెట్టారు. అప్పటికే ఎవరో ఉప్పందించేశారు. నన్ను బయట బల్ల మీద కూచోబెట్టి, డ్రైవర్ని జీపు దగ్గరే నిలబెట్టి, అమ్మని లోపలికి పిలిచారు. కిటికీకి తలుపుల్లేవు, లోపలి మాటలు వినబడుతున్నాయి. పోలీసులు మమ్మల్నేం చేస్తారో అన్న భయం కన్నా, మా అమ్మ ఏం మాట్లాడేస్తుందో అన్న భయమే ఎక్కువ.

అధికారి మర్యాదగానే అడిగాడు. "సంతలో తెలుగు అమ్మాయితో మాట్లాడారట. ఎవరి దగ్గర కూచుంది ఆ అమ్మాయి?"

మా అమ్మ నోరు తెరిచింది.

"అమ్మాయితో ఏంటి సాబ్, ఎవరితో మాట్లాడలేదో అడగండి!" అంటూ శ్రీకాకుళం యాస హిందీలో అందుకుంది. ఉప్పు దుకాణం వాడితో మాట్లాడిందట, గాజులవాడితో మాట్లాడిందట, కోళ్ళ ముసలాయన కోడి కాలికి కట్టిన తాడు బిగుసుకుపోతే వదులు చేయమని చెప్పిందట. దుర్గ్ బజారువాళ్ళు చింతపండులో ఇసుక కలుపుతారు, మీ పోలీసులు వాళ్ళనెందుకు పట్టుకోరు? మా చెల్లెలికి నెల రోజులుగా గ్యాసు, మీ డాక్టర్లు సరిగ్గా చూడరు. బయట కూచున్నది మా అమ్మాయి, డిగ్రీ అయింది, నోరు మాత్రం వాళ్ళ నాన్నమ్మ నోరు, సంబంధం ఉంటే చెప్పండి.

"మాతాజీ, నేనడిగింది–"

"అదే చెబుతున్నా బాబూ!"

అతను ఆపినకొద్దీ ఆవిడ కొత్త వీధిలోంచి వచ్చింది. సంతంతా తిప్పింది, భిలాయి అంతా తిప్పింది, ఆ చాప దగ్గరికి మాత్రం తీసుకెళ్ళలేదు. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. అంతలో ఒక మాట అనేసింది. "చంటిదాన్ని ఒళ్ళో పెట్టుకున్న ఒకావిడ దగ్గర కొన్నాను సాబ్, ఇసుక లేదు, కావాలంటే బస్తా విప్పి చూడండి." నా ప్రాణం పోయినంత పనైంది. ఆవిడ ఆగలేదు, అతన్ని ఆలోచించుకోనివ్వలేదు.

"ఇంతకీ మీదే ఊరు సాబ్?"

అతను చెప్పాడు. బీహార్లో ఏదో ఊరు.

"అమ్మగారున్నారా? మీరిక్కడ ఉన్నట్టు తెలుసా ఆవిడకి?"

అతని గొంతు తగ్గింది. "తెలీదు. రాయ్‌పూర్‌లో ఉన్నానని చెప్పాను."

కుర్చీ జరిగింది. "వెళ్ళండి మాతాజీ. చీకటి పడకముందే కాలనీకి చేరండి. మళ్ళీ ఇటు రాకండి." కర్ర లేచింది. జీపు మలుపు తిరిగింది. బతుకు జీవుడా అనుకుని నేను అమ్మ ఒళ్ళో తల పెట్టేశాను.

కానీ అమ్మకి తెరిపి లేదు. భిలాయి తిరిగొచ్చాక కూడా అదే మాట. "చంటిదాన్ని ఒళ్ళో ఎట్టుకుందని అనేసినాను గదే. ఆడు దాన్ని పట్టుకుని ఎతికితే?"

"సంతలో చంటిపిల్లలతో బోలెడుమంది ఉంటారమ్మా" అనేదాన్ని. నాకే నమ్మకం లేదు.

బస్తా వరండాలో ఓ మూలన కట్టు విప్పకుండానే ఉండిపోయింది. చాప పరవలేదు. ఇరుగుపొరుగువాళ్ళు కత్తిపీటలతో వచ్చి, "ఏటి, ఈ యేడు తియ్యరా?" అని అడిగి వెళ్ళిపోయారు. పాలవాడు కూడా, అమ్మగారికి జ్వరమా అని నన్నడిగాడు. నాన్న పేపరు తేగానే లోపలి పేజీ తీసి చదవమని అమ్మ ముందు కూచునేది. నేను పైకి చదివేదాన్ని. ఫలానా ఊళ్ళో ఇద్దరు గ్రామస్థులని లోపలివాళ్ళు చంపేశారని ఒకరోజు, ఫలానా ఊళ్ళో లోపలివాళ్ళకి సాయం చేసినవాళ్ళ అరెస్టని ఇంకోరోజు. పేర్లుండేవి కావు. "ఆడమనిషి వుందేటే?" అని అమ్మ అడిగేది. రాయలేదమ్మా అనేదాన్ని. ఇన్నేళ్ళూ ఈ వార్తలన్నీ తిప్పేసి సినిమా బొమ్మలు చూసుకున్నానే అని సిగ్గేసేది.

వారం తిరిగి మళ్ళీ సంత రోజు వచ్చింది. ఒంట్లో కాస్త నెమ్మదించాక పిన్ని వెళ్తానంది. ఆ సాయంత్రం అమ్మ పక్క క్వార్టర్లో ఫోన్ దగ్గరే కూచుంది, వాళ్ళింట్లో కాఫీ ఇచ్చినా తాగలేదు. ఫోన్ మోగగానే రిసీవరు లాక్కుంది. నేను చెవి ఆనించాను.

"వుందే అక్కా, వుంది!" పిన్ని గొంతు. "కూకునుంది అక్కడే. సంటిది కూడా వుంది. ఎవురూ రాలేదట, ఏటీ అడగలేదట."

అమ్మ గచ్చు మీద చతికిలబడింది. నేనూ పక్కనే కూచుండిపోయాను. అంత తేలిగ్గా ఊపిరి నా జన్మలో తీసుకోలేదు. నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలీదు, పక్కింటావిడ కంగారుగా నీళ్ళు తెచ్చింది.

"ఇనవే, ఇంకోటుంది," అంటోంది పిన్ని. "నన్ను సూడగానే అదే ముందు అడిగినాది. మీ అక్క, ఆ పెద్ద నోరావిడ, ఇంటికి సేరిందా అని. పోస్టు కాడ మిమ్మల్ని ఆపీసినారని తెలిసి వారమంతా అన్నం సయించలేదట దానికి."

అమ్మ నోట మాట రాలేదు. మా అమ్మకి! రిసీవరు రెండు చేతులతో పట్టుకుని, కొంగుతో మొహం తుడుచుకుని, చివరికి ఫోనవసరం లేకుండానే బస్తర్‌కి వినపడేటట్టు అరిచింది:

"సేరిపోనాను అని సెప్పే! మళ్ళీ సంతకెల్తావు గదా, ముందు ఆ మాట సెప్పు దానికి. సేరిపోనాను!"