వేపమాను చుట్టూ పోసిన సిమెంటు

కళ్ళానికి సిమెంటు పోయిద్దామని పట్టుబట్టింది నేనే. మాది తమిళనాడులో ఏళాయిరంపన్నై పక్కన నల్లరేగడి ఊరు. మట్టినేల మీద ఎండబెట్టిన మిరపకాయలకు దుమ్ము అంటుకునేది. కోవిల్‌పట్టిలో వ్యాపారులు వాటిని పక్కకు తోసేసేవాళ్ళు. ఇంటి వెనక మా మామ నాటిన వేపమాను చుట్టూ కావలసినంత జాగా ఉంది.

"మాను మొదలు చుట్టూ కొంచెం మన్ను వదలమను" అన్నాడు మా ఆయన.

"వదిలితే అక్కడ చీమలు చేరతాయి" అన్నాను. మేస్త్రీ మానుకు ఆనించే పోశాడు. అడ్డం వచ్చిన వేళ్ళను గొడ్డలితో నరికారు. నేను పక్కనే నిలబడి చూశాను.

రెండేళ్ళు కాయలు శుభ్రంగా ఎండాయి. మూడో ఏడు వానలు వెలిశాక కొమ్మల చివళ్ళు కాలినట్టు మాడిపోయాయి. ఊళ్ళో అన్ని వేపచెట్లకూ అదే తెగులు. ఎండలు ముదిరేసరికి అవి మళ్ళీ చిగిర్చాయి. మాది చిగిర్చలేదు.

మా ఆయన కోవిల్‌పట్టి పోయి మందు తెచ్చాడు. నిచ్చెన వేసుకుని ఎండు కొమ్మలు కోసి తగలబెట్టాము. అందినంతవరకు మందు కొట్టాము. అందని కొమ్మలే ఎక్కువ.

వ్యవసాయ ఆఫీసులో పనిచేసే ఒకామె వచ్చింది. తలెత్తి ఆకు చూడకముందే కింద నేల చూసింది. "ఇది ఎప్పుడు పోశారు?" అని అరవంలో అడిగింది. చెప్పాను.

"తెగులు అన్ని చెట్లకూ వస్తుంది. వేళ్ళకు గాలీ నీళ్ళూ అందే చెట్టు తట్టుకుంటుంది. ఇది ముందే నీరసపడిపోయింది."

"ఇప్పుడు పగలగొడితే?"

"పగలగొట్టండి, వేళ్ళకు దెబ్బ తగలకుండా. కానీ నరికేసిన వేళ్ళను తెచ్చి పెట్టలేము కదమ్మా."

మర్నాడు పొద్దున్నే సమ్మెట, గడ్డపార తీసుకుని ఇద్దరం మొదలుపెట్టాము. మాను చుట్టూ నాలుగు బారల మేర తీయడానికి మూడు రోజులు పట్టింది. అంత వాన పడిన ఏడు కూడా కింద మన్ను పిండిలా పొడిగా ఉంది. నరికిన వేరు మొన ఒకటి చేతికి తగిలింది. నొక్కితే బెండులా లోపలికి పోయింది.

"నన్ను అప్పుడు ఆపకపోతివే" అన్నాను. కోపంగా ఒక మాట అంటాడేమోనని ఎదురుచూశాను. అని ఉంటే బాగుండేది.

"నేనూ పోయిద్దామనే అనుకుంటినే" అన్నాడు, నావైపు చూడకుండా. అది నిజం కాదని ఇద్దరికీ తెలుసు.

ఎండుటాకులు, పేడ ఎరువు పరిచి వేసవంతా నీళ్ళు పోశాను. ఉత్తరం వైపు ఒక కొమ్మ చిగిర్చింది. పక్కింటివాళ్ళను కూడా పిలిచి చూపించాను. ఇరవై రోజులకు ఆ చిగుళ్ళూ వాడి రాలాయి.

ఇప్పుడు బెరడు పెచ్చులుగా ఊడుతోంది. పెద్ద కొమ్మ ఒకటి వంటింటి మీదికి వంగి ఉంది. కట్టెలు కొట్టే ఆయన రెండుసార్లు వచ్చి మాను కొట్టేయమంటారా అని అడిగాడు. రెండుసార్లూ మా ఆయన తర్వాత చూద్దామని పంపించేశాడు. నేను రోజూ నీళ్ళు పోస్తూనే ఉన్నాను. ఇంకేం చెయ్యాలో నాకు తెలియదు.