బొమ్మలాటలో తప్పులు పట్టిన నా బిడ్డ

నా పెద్దకూతురు పోయిన నెలలో జమ్మలమడుగు ఆసుపత్రిలో కన్నుమూసింది. మంగళవారం, పొద్దున్నే. పక్కన నేనూ అల్లుడూ ఉన్నాము. పులివెందులలో ఆమె అత్తగారింటి వీధికీ, ప్రొద్దుటూరులో మా మగ్గాల వీధికీ కబురు అప్పుడే అందింది. దూరాన ఉన్నవాళ్లకు తెలియదు. వాళ్లు ఎదురుపడి "పాప ఎట్లుందిమా?" అని అడుగుతుంటారు. ఒక్కొక్కరికీ నిలబడి చెప్పే శక్తి నాకు లేదు, అందుకని రాస్తున్నాను. నేను మూడో తరగతి దాకా చదివినదాన్ని. తప్పులుంటే సర్దుకోండి. ఆమె ఉంటే సర్దుకునేది కాదు, పట్టుకునేది.

ఆ గుణం ఆమెకు మా ఇంటి పనిలోనే వచ్చిందనుకుంటాను. ఆరేడేళ్లప్పటి నుంచే నా పక్కన కూర్చుని కండెలకు నూలు చుట్టేది. వాళ్ల నాయన నేస్తుంటే మగ్గం మీదికి వంగి, "నాయనా, నిలుపు, పోగు తెగింది" అనేది. ఆయన కళ్లకు అది కనపడేలోపల ఈమెకు కనపడేది. తెగిన పోగును చూడకుండా నేస్తే ఆ గీత చీర పొడుగునా పోతుంది, మళ్లీ విప్పుకోవాలి. అందుకని మా మగ్గం దగ్గర తప్పు చూపించినవాళ్లను ఎవరూ తిట్టరు. వీధిలో అట్లా కాదు కదా.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో, ఆమెకు తొమ్మిదేళ్లు ఉండొచ్చు, పత్తి మిల్లు పక్కన ఖాళీ జాగాలోకి తోలుబొమ్మలవాళ్లు వచ్చారు. వారం పాటు ఆట. పెద్ద కథ నడుమ నడుమ ఒక మొగుడూ పెళ్లాం బొమ్మలు వచ్చి కొట్లాడుకుని జనాన్ని నవ్వించేవి. పిల్లలంతా ఆ రెండింటి కోసమే ముందు వరసలో కూర్చునేవాళ్లు. మొదటి రోజు పెళ్లాం బొమ్మ రోకలితో కొడితే మొగుడి ముందరి పండ్లన్నీ ఊడిపోయాయి. రెండో రోజు అదే మొగుడు చెరుకుగడ భుజాన వేసుకుని వచ్చి కొరకడం మొదలుపెట్టాడు. మా పాప లేచి నిలబడింది.

"యోవ్, నిన్న నీ పండ్లన్నీ ఊడిపాయ గదా! చెరుకు ఎట్ల కొరుకుతాండావు?"

జనం గొల్లుమన్నారు. తెర మీద బొమ్మ చెరుకు పట్టుకుని అట్లనే ఆగిపోయింది. తెర వెనక నుంచి గొంతు వచ్చింది. "ఇవి నావి కాదులే పాపా. నా పెండ్లాం నిద్రపోతాంటే ఆమెవి తెచ్చి పెట్టుకున్న్యా. ఆమెకు చెప్పద్దు, నీకు పున్నెముంటాది."

అందరూ నవ్వారు కానీ నాకు తల కొట్టేసినట్లయింది. ఆడించేవాళ్ల నోటికాడి కూటికి అడ్డం వచ్చింది కదా అని, మరునాడు పొద్దున ఆమెను వెంటబెట్టుకుని క్షమాపణ చెప్పడానికి పోయాను. ఆ ఆటగాళ్లలో పెద్దాయన ఎండలో కూర్చుని చినిగిన ఆ మొగుడు బొమ్మకు కుట్టు వేస్తున్నాడు. నేను నోరు తెరిచేలోపల మా పాప, "తాతా, ఇంగొకటి చెప్పనా?" అనింది.

"చెప్పు తల్లీ."

"ఆయప్పకు మచ్చ కుడి చెంప మీద ఉండె. ఊరికి పోయి వచ్చేతలికి ఎడమ చెంపకు పాయ."

ఆయన ఆ బొమ్మను ఎత్తి ఎండకు పట్టి, అటు తిప్పి ఇటు తిప్పి చూపించాడు. "తోలుబొమ్మకు ఉండేది ఒకటే చెంప తల్లీ. తిప్పితే అదే కుడి, అదే ఎడమ. మా తాత కాడి నుంచి ఇట్లనే ఆడిస్తాండాం. ఇన్నాళ్లూ ఎవురూ అడగల్యా."

"అడిగినందుకు కోపమా తాతా?"

"కోపమెందుకు? అందురూ నవ్వను వస్తారు. నువ్వు చూడను వచ్చినావు."

ఆ తర్వాత ఐదారేండ్లు, వాళ్లు వచ్చినప్పుడల్లా ఆ పెద్దాయన కావాలనే రోజుకొక తప్పు పెట్టేవాడు. తప్పు ఎక్కడుందో చెప్పేది మా పాప పని. ఆమె లేవకపోతే వెనక నుంచి మగవాళ్లు, "ఏమ్మే పాపా, ఈ పొద్దు నిద్రపోతాండావా?" అని ఎగతాళి చేసేవాళ్లు. ఒకసారి పెళ్లాం బొమ్మ ఎర్రచీరతో పుట్టింటికి పోయి పచ్చచీరతో తిరిగి వచ్చింది.

"చీర మారిందే!" అని మా పాప అరిచింది.

"మాయమ్మ పెట్టిందిలేమ్మా," అనింది బొమ్మ.

"మీయమ్మ సచ్చిపాయనని మొన్న గుండెలు బాదుకుంటివి గదా!"

చీర తప్పు ఆయన పెట్టింది. అమ్మ తప్పు మాత్రం ఆయనకే తెలియకుండా వచ్చింది. తెర వెనక నుంచి ఆయన పగలబడి నవ్వడం అందరికీ వినపడింది.

ఇంట్లో మాత్రం ఆమెతో కష్టమే. ఒకసారి చుట్టాల ముందర నేను, జ్వరంతో మూడు రోజులు మెతుకు ముట్టలేదని చెప్పుకుంటుంటే, "రెండో పొద్దు సంగటి తింటివి గదుమా" అనింది. వాళ్లు పోయాక చెంప మీద కొట్టాను. ఏడవలేదు. "చూసినా కాబట్టి చెప్పినా. చూసి కూడా చూడనట్ల ఉంటే అది మోసం గాదా?" అనింది.

పెళ్లిచూపుల్లో కూడా అంతే. సంబంధం తెచ్చిన పెద్దమనిషి పిల్లోనికి ఇరవయ్యారేండ్లు అన్నాడు. తల వంచుకుని కూర్చున్న పిల్ల, "మామా, పోయిన నెల ఇరవైనాలుగంటివి. అప్పుడే రెండేండ్లు పెరిగినాడా?" అనింది. ఈ సంబంధం పోయినట్లే అనుకున్నాను. పులివెందుల నుంచి వచ్చిన ఆ దర్జీ పిల్లోడు నవ్వి, "ఇరవయ్యేడు. ఆయప్ప రెండు తూర్లూ తప్పే చెప్పినాడు" అన్నాడు. అతనే నా అల్లుడు. కుట్టిన ప్రతి చొక్కానూ ఆమె కళ్ల ముందు పెట్టి, ఆమె సరే అన్నాకే మడత పెట్టేవాడు.

ఆమె జబ్బు ఆ చొక్కాల దగ్గరే మొదటిసారి తెలిసింది. గుండీలు వంకరగా ఉన్నా ఆమె సరే అనింది. కడుపు నొప్పికి కళ్లు తిరుగుతున్నాయని అప్పుడు బయటపెట్టింది. జమ్మలమడుగుకు తీసుకుపోయాము. కడుపులో గడ్డ ఉందనీ, అది చేయి దాటిపోయిందనీ డాక్టరు నన్నూ అల్లుడినీ వరండాలోకి పిలిచి చెప్పాడు. పాపకు చెప్పవద్దని అల్లుడి చేత నేను ఒట్టు వేయించుకున్నాను.

రోజూ ఆమె అడిగేది. "డాక్టరు ఏమన్యాడుమా?"

రోజూ ఒకటి చెప్పేదాన్ని. గడ్డ కరిగిపోయే మందు ఇస్తున్నారని ఒకరోజు, చిన్న కోత కోసి తీసేస్తారని ఇంకొకరోజు. పెద్ద డాక్టరు చెప్పాడన్న మాటనే మరుసటి రోజు నర్సమ్మ చెప్పిందన్నాను. ఆమె ఒక్క తప్పు కూడా పట్టలేదు. నొప్పి వల్ల బిడ్డకు ఆ చురుకు పోయిందనుకున్నాను. లోపల కొంచెం సంతోషపడ్డాను కూడా. అది గుర్తొస్తే ఇప్పుడు నన్ను నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

దినాలు అయిపోయాక అల్లుడు నా దగ్గర కూర్చున్నాడు. "అత్తా, ఆమెకు మొదటి వారమే తెలుసు" అన్నాడు.

"నువ్వు చెప్పినావా?"

"నేను చెప్పల్యా. నీ మాటల్లోనే పట్టుకునింది. నాతో ఏమనిందో తెలుసునా? 'మాయమ్మ పొద్దుకొక మాట చెప్తాంది. నువ్వు దాన్ని ఎత్తి చూపద్దు. అది గూడా లేకుంటే మాయమ్మ ఏం పట్టుకోని బతుకుతాది' అనింది."

ఆ మాట విన్నప్పటి నుంచి నాకు పని మీద చేయి ఆడడం లేదు. నేను నిజం చెప్పి ఉంటే ఇద్దరమూ ఒకసారి కావలించుకుని ఏడ్చి ఉండేవాళ్లం. ఆమె భయం ఆమె ఒక్కతే మోసుకుంది, నాది కూడా మోసింది. బిడ్డను మోసగించానని అనుకున్న తల్లిని ఆ బిడ్డే కాపాడిందని నేను ఎవరితో చెప్పుకోను? మీతో చెబుతున్నాను.

కన్నుమూసే ముందు రోజు మధ్యాహ్నం కూడా అడిగింది. "శుక్రవారం ఇంటికి పంపిస్తారంట" అన్నాను. అంతకు ముందు రోజేమో బుధవారం పంపిస్తారని చెప్పి ఉన్నాను. నోరు జారాక గుర్తొచ్చింది. ఆమె నా ముఖంలోకి చాలాసేపు చూసింది. పెదవులు కదిలాయి. తర్వాత మెల్లగా గోడ వైపుకు జరిగి నాకు చోటిచ్చింది.

"ఈడ పండుకోమా. ఇంటికి పోయినాక ఏమేం చేస్తామో చెప్పు."

ఆ సన్నటి మంచం మీద ఒత్తిగిలి పడుకుని చెప్పాను. పొద్దుటి బస్సుకు పోదామన్నాను. కాసేపటికి, చల్లబడ్డాక సాయంత్రం బస్సుకు పోదామన్నాను. నేరుగా పులివెందులకే అన్నాను, ఆ వెంటనే ప్రొద్దుటూరులో దిగి తలకు పోస్తానన్నాను. ఒకదానికొకటి పొంతన లేదని నాకే తెలుస్తోంది, అయినా ఆపలేకపోయాను. ఆమె కళ్లు మూసుకుని, నా చేతిని తన చెంప కింద పెట్టుకుని, ప్రతి మాటకూ "ఊఁ" అంటూ వినింది.