ఆరున్నర బస్సు, ఎర్రంచు తువ్వాలు

ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు పొద్దున్నే పోయే బస్సును అందరూ ఆరున్నర బస్సు అనేవారు. అది ఆరున్నరకు కదలడం మాత్రం ఎవరూ చూడలేదు. నయాపైసలు కొత్తగా వచ్చిన ఆ ఏడు, ఆ పేరును నమ్మి ఆరుంబావుకే వచ్చి నిలబడే మనిషి ఊరంతటికీ ఒక్కతే ఉండేది. ఆమె పేరు ఉమామహేశ్వరమ్మ.

ఆమె నంద్యాలలో ఒక ఆడపిల్లల బడిలో టీచరు. భర్త చెన్నకేశవులు ఆళ్లగడ్డలో రాతి శిల్పి. ఇంటి ముందు పందిరి కింద కూర్చుని నందినో నాగప్రతిమనో చెక్కుతూ ఉంటాడు. నంద్యాలలోనే ఇల్లు తీసుకోరాదా అని అడిగేవాళ్లకు ఆమె ఒకటే జవాబు చెప్పేది. "మా ఇంటాయన ఆ రాళ్లన్నీ మోసుకొని యాడికొస్తాడు?" రాళ్లు కదలవు, బడి కదలదు. అందుకని రోజూ ఆమే కదిలేది. పోను పాతిక మైళ్లు, రాను పాతిక మైళ్లు.

పాఠాల నోట్సు రాసుకునే పుస్తకాన్ని వెనక నుంచి తిప్పి, బస్సు కోసం నిలబడిన సమయంలో ఆమె తన కోరికలు రాసుకునేది. మొదటిది, చెప్పిన గంటకు బస్సు బయలుదేరాలి. రెండోది, బస్సు ఆగేచోట కాస్త నీడ ఉండాలి. ఆ తరువాతివి ఒక వరుసలో ఉండేవి కావు. ఏ రోజు ఏది బాధపెడితే అది రాసేది. ఆడవాళ్లను తీసుకుపోయి ఇంజను పక్కన కూర్చోబెట్టడం, పాదాలు కాలడం, ఒకనాడు పక్క సీటు కింద కట్టేసిన మేక తన కొంగు నమలడం, వాన పడితే వాగు దగ్గర అందరినీ దించి చీరలు ఎత్తుకుని నడవమనడం, అన్నీ అందులో ఉన్నాయి. పైవాళ్లకు అర్జీ పెడతానని అనేదే గానీ పెట్టలేదు. చెన్నకేశవులు ఆ పుస్తకం చూసి నవ్వేవాడు.

"దేవునికి మొక్కేవాళ్లు గూడా ఇన్ని అడగరు. నాకియ్యి, రాతి మీద చెక్కి పెడతా. కాగితమైతే చెదలు తింటాయి."

ఆరున్నర బస్సు ఆలస్యానికి కారణం ఇంజను కాదు, టైర్లు కాదు. తువ్వాలు. చుట్టుపక్కల ఊళ్లలో పెద్ద సేద్యగాళ్లు నంద్యాలకు పోవాలంటే ముందుగా జీతగాడితో ఒక తువ్వాలు పంపేవారు. వాడు వచ్చి ముందు సీటు మీద దాన్ని పరిచి పోయేవాడు. ఇక ఆ తువ్వాలుగల మనిషి స్నానం చేసి, సంగటి తిని, తాంబూలం వేసుకుని వచ్చేదాకా బస్సు కదలదు. ఏ అంచు తువ్వాలు ఏ ఇంటిదో డ్రైవరు సుబ్బయ్యకు కంఠతా వచ్చు. సుబ్బయ్య చెడ్డవాడు కాదు. ముసలివాళ్లను చేయి పట్టి ఎక్కించే మనిషి. అడిగితే ఒకటే మాట చెప్పేవాడు.

"నేను రోజూ వాళ్ల ఊళ్ల మీదనే బండి తోలాల గదమ్మా. వాళ్లతో నాకేం పంతం?"

బడి మొదటి గంట తొమ్మిదిన్నరకు. గంట మోగాక వచ్చినవారి పేరు ఎదుట ప్రధానోపాధ్యాయురాలు లూదియమ్మ ఎర్ర సిరాతో గీత గీసేది. ఆమెకు ఎవరి మీదా కోపం లేదు, గడియారం మీద మాత్రం భక్తి ఉంది. ఉమామహేశ్వరమ్మది ఇంకా ఖాయం కాని ఉద్యోగం. అప్పటికే రెండు గీతలు పడ్డాయి. ఒక శనివారం సాయంత్రం లూదియమ్మ ఆమెను పిలిచి చెప్పింది.

"సోమవారం ఇన్‌స్పెక్టరుగారు వస్తాండారు. మొదట చూసేది హాజరు పుస్తకమే. మూడో గీత పడితే నీ ఉద్యోగం ఖాయం చేయమని నేను చెప్పలేను. ఆ మాట చెప్పాల్సి వస్తే నాకూ కష్టమే."

సోమవారం ఆమె ఆరు గంటలకే వచ్చింది. బస్సు ఎక్కి చూస్తే ముందు సీటు మీద ఎర్రంచు తువ్వాలు పరిచి ఉంది. అది మద్దిలేటి రెడ్డి తువ్వాలు. ఆయన రుద్రవరం దారిలో ఒక ఊరి మోతుబరి. ఆయన రాక ఆయన ఇష్టం.

ఆరున్నర అయింది. ఏడయింది. బస్సు నిండా జనం. ఒకరూ నోరు మెదపలేదు. కండక్టరు దిగి బీడీ వెలిగించుకున్నాడు. ఏడుంబావుకు ఉమామహేశ్వరమ్మ లేచి ముందుకు పోయింది.

"ఏంది సుబ్బయ్యా, ఇంకా పోవా?"

"రెడ్డి రావాల గదమ్మా."

"వస్తానని చెప్పినాడా?"

"తువ్వాలుండాది గదా."

ఆ మాటతో ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఇంతమంది మనుషులు నోరుండి కూర్చుంటే, నోరులేని గుడ్డ మాట చెల్లుతోంది. ఆమె వంగి ఆ తువ్వాలు తీసింది. నాలుగు మడతలు పెట్టింది. ఆ సీట్లో కూర్చుని తువ్వాలును ఒడిలో పెట్టుకుంది.

"పోనీ బండి. రెడ్డి అడిగితే నా పేరు చెప్పు."

సుబ్బయ్య ఆమె వంక చూశాడు, వెనక జనం వంక చూశాడు. అంతవరకూ నోరు మెదపనివాళ్లు పోనీ పోనీ అన్నారు. బస్సు కదిలింది. రెడ్డి ఏమంటాడో, భర్తకు వచ్చే రాతి పని పోతుందేమో అని దారి పొడుగునా ఆమె భయపడింది. చేసినదానికి మాత్రం చింతించలేదు.

సిరివెళ్ల దగ్గర బస్సు ఆగింది. కాఫీ అంగడి ముందు బల్ల మీద మద్దిలేటి రెడ్డి కూర్చుని ఉన్నాడు. సుబ్బయ్య సీట్లోంచి లేచి నిలబడ్డాడు. రెడ్డి నింపాదిగా బస్సు దగ్గరకు వచ్చి కిటికీలోంచి లోపలికి చూశాడు.

"నా తువ్వాలు ఈడుండాదా! రాత్రి నుంచి వెతుకుతాండా. నిన్న మాపటి బండిలో వచ్చి ఈడ బిడ్డింటికాడ దిగితి. పరుచుకొని కూచొని మరిచిపోతి."

ఆదివారం సుబ్బయ్యకు సెలవు. వేరే డ్రైవరు తోలాడు. రెడ్డి దుమ్ము అంటకుండా తువ్వాలు పరుచుకుని కూర్చోవడం, దిగడం ఆ డ్రైవరుకే తెలుసు. పొద్దున సుబ్బయ్య వచ్చేసరికి తువ్వాలు ఉంది, అంతే. ముప్పావు గంట సేపు ఒక బస్సు జనం మరిచిపోయిన గుడ్డకు మర్యాద చేశారు. ఎవరో వెనక సీట్లో పకాలున నవ్వారు. ఆపైన బస్సంతా నవ్వింది. ఏం జరిగిందో తెలియక రెడ్డి కూడా నవ్వి, తువ్వాలు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

ఆమె బడి గుమ్మం తొక్కేసరికి తొమ్మిదీ ఇరవై ఐదు. హాజరు పుస్తకంలో సంతకం పెట్టింది, ఎర్ర గీత పడలేదు. నెల తిరగకముందే ఉద్యోగం ఖాయమైంది.

కథ ఇక్కడ ఆపితే ఉమామహేశ్వరమ్మకు బాగుండేది. ఆమె గురించి చెప్పదలచినప్పుడు మిగతాది కూడా చెప్పాలి.

ఎర్రంచు తువ్వాలు తీసిన మరునాడు పొద్దున ముందు సీటు మీద ఒక ఖాకీ తువ్వాలు కనిపించింది. ఇది ఎవరిదని అడిగితే సుబ్బయ్య సిగ్గుపడుతూ, "నాదేనమ్మా. మీకోసరమే పరిచినా" అన్నాడు. ఆమె కాదనలేకపోయింది. ఆరు నెలలుగా కాలిన పాదాలు ఆమెవి. గాలి తగిలే చోట కూర్చునే సుఖం ఊరికే వదులుకోబుద్ధి కాదు. ఊళ్లో కూడా తువ్వాలు తీసిన టీచరమ్మ అని పేరు వచ్చింది. జనం లేచి దారి ఇచ్చేవారు.

తన సీటు తనకుంటుందని తెలిశాక ఆమె ఆరుంబావుకు రావడం మానేసింది. ఆరున్నరకు వచ్చేది. తరువాత ఆరూ ముప్పై ఐదు. ఒకనాడు రెండో గ్లాసు కాఫీ తాగుతుంటే చెన్నకేశవులు ఉలి ఆపి, "బస్సు పోదా?" అన్నాడు.

"నేను లేకుండా సుబ్బయ్య పోడులే," అంది ఆమె. ఆ మాట తన నోటి నుంచే వచ్చింది. అప్పుడు ఆమెకు అది తప్పుగా వినిపించలేదు.

చలికాలంలో ఒక పొద్దున ఆమె చేరేసరికి ఏడుకు పది నిమిషాలు తక్కువ. బస్సు నిండా జనం, ఎవరూ మాట్లాడటం లేదు. ఆమె ఎక్కి ఖాకీ తువ్వాలు తీసి కూర్చుంది. పక్కన ఇంజను దగ్గర నడివయసు చెంచు ఆడమనిషి ఒకతె గంప ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. కాళ్లు దుమ్ము కొట్టుకుపోయి ఉన్నాయి. పేరు బయ్యమ్మ. రుద్రవరం అవతల అడవి అంచున ఆమె గూడెం.

"ఈ తువ్వాలు నీదేనా తల్లీ?" అంది బయ్యమ్మ.

"అవును. ఏం?"

"ఏం లేదు. మా ఇంటాయన నంద్యాల ఆసుపత్రిలో ఉండాడు. జరంతో ఒళ్లు కాలిపోతాండాదని కబురొచ్చె. ఆరున్నరకే బస్సు పోతాదంటే నిన్న సందకాడ బయలెల్లి నడిచి వచ్చినా. ఎవరో పెద్దమనిషి రావాల, ఆగమన్నారు. ఏ రెడ్డో అనుకుంటి."

ఆమె గొంతులో కోపం లేదు. ఉన్నమాట చెప్పి గంపను దగ్గరకు జరుపుకుంది. ఉమామహేశ్వరమ్మకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఎర్రంచు తువ్వాలు తీసిన రోజు తన ఒళ్లు ఎందుకు మండిందో గుర్తొచ్చింది. అప్పుడు కూడా ఈ బయ్యమ్మలాంటి వాళ్లు ఎందరు ఈ బస్సులో మాట్లాడకుండా కూర్చున్నారో ఆమె లెక్కపెట్టలేదు. తన ఉద్యోగమే కనబడింది. సిగ్గుతో ఆమెకు ఏడుపు వచ్చింది. లేచి బయ్యమ్మను ఆ సీట్లో కూర్చోబెట్టి, తాను ఇంజను పక్కకు మారింది. నంద్యాలలో దిగాక ఆసుపత్రి గేటు దాకా తోడు పోయింది. ఆ రోజు ఎర్ర గీత పడింది.

సాయంత్రం బస్సు దగ్గర ఆమె ఖాకీ తువ్వాలు మడిచి సుబ్బయ్య చేతిలో పెట్టింది.

"నాకు సీటొద్దు సుబ్బయ్యా. టైము కావాల. ఆరున్నరకు నేను లేకపోతే బండి తీసెయ్. నేను పరిగెత్తుకొని వస్తాన్నా సరే, ఆగొద్దు."

"మీకు ఆగకపోతే ఏం లాభమమ్మా? రెడ్డోళ్లకు ఆగాల్సిందే గదా."

"టీచరమ్మకే ఆగలేదు, మీకెట్ల ఆగేదని చెప్పు."

సుబ్బయ్య తువ్వాలు చేతిలో తిప్పి చూసి, భుజాన వేసుకుని బండి ఎక్కాడు.

మూడు వారాలు ఆమె ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయలేదు. నాలుగో వారంలో ఒకనాడు చెన్నకేశవులు వేలి మీద సుత్తి పడింది. పసుపు పెట్టి కట్టు కట్టి ఆమె పరిగెత్తుకుంటూ వచ్చింది. బస్సు అప్పటికే కదిలిపోయింది. సుబ్బయ్య అద్దంలో ఆమెను చూశాడు. చూసినట్టు ఆమెకూ తెలిసింది. బస్సు ఆగలేదు. దుమ్ము లేచి ఆమె ముఖం మీద పడింది.

గుడ్డ కట్టిన క్యారియరు పట్టుకుని దారి మధ్యలో నిలబడిపోయింది. ఒక రోజు సెలవు పోయినట్టే. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లతోనే దగ్గరలోని కాఫీ అంగడి గడియారం చూసింది. ఆరూ ముప్పై ఒకటి.

అంతలో అవతలి పక్క నుంచి మద్దిలేటి రెడ్డి పంచె ఎగగట్టుకుని వచ్చాడు. భుజం మీద తువ్వాలు లేదు. ఆయన రోడ్డు వంక, ఆమె వంక చూశాడు.

"సీటుకని పంపిన నా తువ్వాలు బండిలోనే పోయె టీచరమ్మా. నిన్ను గూడా వదిలేసి పోయినాడా వాడు?"

"నన్నే ముందు వదిలేయమన్నా అప్పా."

ఆమె రోడ్డు పక్క రాయి మీద కూర్చుని పుస్తకం వెనక నుంచి తెరిచింది. మొదటి కోరిక మీద అడ్డంగా ఒక గీత గీసింది. రెండోది నీడ. తొమ్మిది గంటల బస్సు వచ్చేదాకా ఇద్దరూ ఎండలోనే కూర్చున్నారు.