న్యూట్రల్‌లో వెనక్కి నడిచిన పెళ్లికారు

ఆలేరులో చేనేత చీరల దుకాణం నడిపే రోజారమణికి నలభై దాటాక కారు పిచ్చి పట్టింది. ఏళ్ల తరబడి గుంటమగ్గం తొక్కీ తొక్కీ ఎడమ మోకాలు అరిగిపోయింది. క్లచ్ తొక్కే కారు ఆమెకు కుదరదు. అందుకే వెతికి వెతికి ఒక రిటైర్డు పంతులు దగ్గర పాత ఆటోమేటిక్ కారు కొన్నది. రంగు వెలిసింది, ఏసీ గాలికి బదులు నిట్టూర్పులు విడుస్తుంది. అయితేనేం, స్టీరింగు ముందు కూర్చుంటే ఆమెకు రథమెక్కినట్టే. “క్లచ్చు లేని కారా? ఎడ్లు లేని బండి లెక్క!” అని బజారులో నవ్వినవాళ్లను కూడా ఎక్కించుకుని తిప్పింది. దిగేటప్పుడు వాళ్లే ఇంకో చుట్టు అడిగారు.

అక్క కొడుకు ఎల్లేష్‌కు తిరుమలగిరి సంబంధం ఖాయమైన రోజునే తెగేసి చెప్పింది.

“పిలగాన్ని నేనే తోల్కపోత. వేరే కారు మాట్లాడితే నేను పెండ్లికే రాను.”

పెళ్లిరోజు కారు నిండా బంతిపూలు. వెనక సీట్లో బాసింగం కట్టుకున్న ఎల్లేష్, ముందు సీట్లో అతని తండ్రి సిద్దయ్య. చుట్టాలంతా వెనక బస్సులో. దారిలో ఒక గుంతలో కారు ధభీమని పడి లేచింది. రోజారమణి పట్టించుకోలేదు. తిరుమలగిరి పొలిమేరలో బ్యాండుమేళం ఎదురొచ్చింది. కారాపి, గేరు కర్రను పార్కింగ్‌లోకి నెట్టింది. ఆడపెళ్లివారు హారతి ఇచ్చారు. మళ్లీ కర్రను, ముందుకు నడిపే ‘డి’ మీదికి లాగి ఆక్సిలరేటర్ నొక్కింది. ఇంజన్ గయ్యిమన్నది. కారు మాత్రం కదల్లేదు.

“ఏమైంది మరదలా?” అన్నాడు సిద్దయ్య.

“ఆగుండ్రి బావా, జర సూస్త.”

బస్సు దిగినవాళ్లు గుమిగూడారు. గేరుబాక్సు పోయిందని ఒకరు, దిష్టి తగిలిందని ఇంకొకరు. చివరికి తోద్దామని పదిమంది కండువాలు నడుముకు చుట్టి వెనక చేరారు.

“న్యూట్రల్‌ల వెయ్యి, నూకుతం!”

ఆమె న్యూట్రల్‌లో వేసింది. కారు బుద్ధిగా బయలుదేరింది, తోసేవాళ్ల మీదికే! “ఓర్నాయినో!” అంటూ అందరూ చెల్లాచెదురయ్యారు. ఆమె గబుక్కున బ్రేకు తొక్కింది. ఇదేదో ఆట అనుకుని బ్యాండువాళ్లు దరువు పెంచారు. అంతలో పెళ్లికూతురు ప్రవళిక ఫోను.

“ఏడిదాక వచ్చిన్రు?”

“వస్తున్నం,” అన్నాడు ఎల్లేష్ బాసింగం సర్దుకుంటూ. “గని ఎన్కకు వస్తున్నం.”

అది విని రోజారమణికి నవ్వు ఆగలేదు. కళ్లనీళ్లు తుడుచుకుని, కారును పార్కింగ్‌లో పెట్టి, ఇంజన్ ఆడుతుండగానే బానెట్ లేపింది. గేరు ఆయిలు పుల్ల తీసి చూసింది. ఆయిలు మట్టం సరిగ్గా ఉంది, రంగు ఎర్రగా ఉంది, మాడు వాసన లేదు.

“ఆయిలు మంచిగనే ఉంది బావా. పెట్టె ఖరాబైతే ఎన్కకు గింత ముద్దుగ ఎట్ల పోతది?”

ముందూ వెనకా మనుషులను జరిపించింది. బ్రేకు మీద కాలుంచి కర్రను ఒక్కో మెట్టూ లాగి, ప్రతిచోటా కాలు రవ్వంత సడలించి చూసింది. రివర్స్‌లో కారు, పార్కింగ్‌లో ఉన్నట్టే బిగుసుకుపోయింది. న్యూట్రల్‌లో వెనక్కి లాగింది. ‘డి’లో ఉలుకూ పలుకూ లేదు. ఆమెకు మగ్గం గుర్తొచ్చింది. కాలికింది చెక్కకు కట్టిన తాడు సడలితే, ఎంత తొక్కినా పైన దారాలు లేవాల్సినంత లేవవు. కర్రకూ గేరు పెట్టెకూ మధ్య కూడా ఒక తీగ ఉంటుంది కదా!

“బావా, తీగ సడలింది! నేనొకటి జెప్తే ఇది దాని ముందటి మాట ఇంటాంది. ఒక మెట్టు ఎన్కపడ్డది!”

“అయితే ఎట్లనే?”

“ఎట్లేంది, మనం ఒక మెట్టు ఎక్కువ జెప్పాలె.”

‘డి’ కింద ‘2’ అని ఒక మెట్టుంది. కర్రను అక్కడికి లాగి, బ్రేకు మీది కాలు మెల్లగా ఎత్తింది. కారు ముందుకు కదిలింది! ఈలలు, కేకలు, కండువాలు గాల్లోకి. సిద్దయ్య తలుపు తీసుకుని దిగిపోయి, పెళ్లికొడుకు తండ్రినన్న సంగతి మరచి బ్యాండు ముందు చిందేశాడు. కారు అతని వెనకే నింపాదిగా మండపం దాకా నడిచింది.

భోజనాల వేళ ఒక మెకానిక్ వచ్చి తీగను సరిచేసి, వదులైన నట్టు బిగించాడు. రోజారమణి అతని పక్కనే వంగి, చేతిలో లడ్డూతో, ఏ నట్టు ఎటు తిరుగుతుందో అడిగి తెలుసుకుంది.

సాయంత్రం అప్పగింతల్లో ఏడ్చి ఏడ్చి కారెక్కిన ప్రవళిక, ఊరు దాటకముందే జరిగిందంతా విని పడీ పడీ నవ్వింది.

“చిన్నత్తమ్మా, నాకు సుత నేర్పుతవా?”

“గంతకన్నానా బిడ్డా!”

పదహారు రోజుల పండుగ కాగానే ఆలేరు స్టేషను దగ్గరి ఖాళీ జాగాలో కొత్త కోడలు స్టీరింగు పట్టింది. పక్కసీట్లో రోజారమణి, లేని బ్రేకును రెండు కాళ్లతో తొక్కుతూ, “మెల్లగ! మెల్లగనే తల్లీ!” అని అరుస్తోంది. కారు ఆగినప్పుడల్లా ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు పడి నవ్వుకుంటున్నారు.