అత్త పేరు మీద పడ్డ బూజు

…అందుకే నిన్న రాసింది పనికిరాదు. అత్త మంచిది, అందరికీ సాయం చేసేది అని రాశాను. అలాంటి మాటలు ఎవరి గురించైనా రాయొచ్చు.

అత్త పోయి ఇవాళ్టికి పది రోజులు. ఐదు రోజులు జ్వరం. ఆరో రోజు పొద్దున్న నాన్న ఆసుపత్రి నుంచి ముందుగా ఒక్కడే ఆటోలో వచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ కవర్, అందులో అత్త చెప్పులు.

అత్త నాన్నకి అక్క. మాతోనే ఉంటూ బరంపురంలో ఒక కాలేజీ ల్యాబ్‌లో పనిచేసేది. అక్కడి మేడమ్‌ది ఇచ్ఛాపురం వైపు, తెలుగావిడే. అత్త గురించి తెలుగులో ఒక పేజీ రాసిస్తే ల్యాబ్‌లో అందరికీ చదివి వినిపిస్తానన్నారు. ఇవాళ సాయంత్రం వస్తారు. నేను చదివేది ఇంగ్లీష్ మీడియం, నాకు తెలుగు అక్షరాలు దిద్దించింది అత్తే. అందుకని నన్నే రాయమన్నారు.

ఆమె పని మీకు చెప్పాలి. సముద్రం ఒడ్డునున్న మా ఊరు మార్కండిలో మొగలి పొదల కింద ఇసుకలో, వేళ్లని అంటిపెట్టుకుని బతికే ఒక ఫంగస్ ఉంటుంది. అత్త ఆ ఇసుక తెచ్చి, జల్లించి, కంటికి ఆనీ ఆనని దాని గింజల్ని ఏరి, మందునీళ్లలో కడిగేది. మూత ఉన్న చిన్న ప్లేటులో జెల్లీ పోసి, దాని మీద కేరెట్ వేరు ఒకటి పెంచేది. ఆకు ఉండదు, కాండం ఉండదు, వట్టి వేరు. దాని పక్కన ఆ గింజల్ని పెట్టి చీకటి అల్మారాలో ఉంచితే, కొన్నాళ్లకి సాలీడు దారం కన్నా సన్నగా ఫంగస్ పాకేది. దాన్ని ల్యాబ్‌లో పెంచిన అరటి పిలకలకి పెడితే అవి బయటి మట్టిలో తట్టుకుని నిలబడతాయి.

"ఇది ఒంటిగా బతకదే. పక్కన ఏదో ఒక సెట్టు ఏరు ఉండాల," అనేది.

వేరే బూజు పడకుండా ప్లేట్లు నిలవడానికి ఆమెకి రెండేళ్లు పట్టింది. ప్లేటు తెరిస్తే మాట్లాడేది కాదు, మూత కొంచెమే వాల్చి ఎత్తేది. ఇంట్లో అన్నం గిన్నె మూత కూడా అలాగే ఎత్తేది. అన్నానికి కూడా జబ్బు చేస్తుందా వదినా అని అమ్మ ఏడిపించేది.

మాది ఎండుచేపల వ్యాపారం. ముందు గది నిండా బస్తాలే. పనికి వెళ్లే రోజు అత్త వాటి దగ్గరకి వచ్చేది కాదు. స్నానం చేసి, ట్రంకు పెట్టెలో విడిగా దాచుకున్న చీర కట్టుకుని, తిన్నగా బయటికి నడిచేది. "ఎండుసేప బూజుకి కాళ్లు నేవు గానీ, మన బట్టలెక్కి బస్సెక్కేస్తాది," అనేది.

రెండు నెలల కింద ఒక ఆదివారం నన్ను ల్యాబ్‌కి తీసుకెళ్లింది. ఆ పొద్దున్న నేను నాన్నతో చేపలు కట్టలు కట్టాను. బస్సుకి ఆలస్యమైందని కాళ్లూ చేతులూ మాత్రం కడుక్కుని, స్నానం చేశానని చెప్పాను. అత్త పక్క గదిలోకి వెళ్లినప్పుడు అల్మారా తీసి, ఫోన్‌లో ఫోటో తీద్దామని ప్లేట్ల మూతలు ఎత్తాను. ఒకటి కాదు, అన్నీ. క్లాసులో నన్ను ఎండుచేప అని పిలుస్తారు. మా ఇంట్లో ఇలాంటిది కూడా ఉందని వాళ్లకి చూపించాలనుకున్నాను.

నాలుగు రోజులకి అన్ని ప్లేట్లలోనూ ఆకుపచ్చ బూజు.

ఆ సాయంత్రం అత్త నన్ను పెరట్లోకి పిలిచింది.

"ఆ రోజు తానం సేసినావా?"

"చేశాను."

కాసేపు నా చేతుల వంక చూసింది. "సరే, ఎల్లు. సదువుకో," అంది.

మేడమ్‌కి మాత్రం తన చేతి వల్లే పోయాయని చెప్పిందట, కళ్లు ఆనడం లేదని చెప్పిందట. తర్వాత ఆమెకి గాజుసామాను కడిగే పని ఇచ్చారు. ప్లేట్లు ఇంకెవరో చూస్తున్నారు. ఇంట్లో ఆ మాట ఎత్తలేదు. ఆసుపత్రిలో నేను కాళ్లు పడుతుంటే మాత్రం కళ్లు మూసుకునే అంది: "మొగలి పొదలు ఎక్కడికీ పోవు. ఇసకుంటాది, మల్లీ ఏరుకోవచ్చు. నువ్వు బెంగెట్టుకోకు, గుంటా."

బెంగ ఎందుకో ఆమెకి ఎలా తెలుసు?

అప్పుడైనా నిజం చెప్పాల్సింది. రేపు చెబుదామనుకున్నాను.

ఇప్పుడు పరామర్శకి వచ్చిన ప్రతివాళ్లకీ నాన్న ఒకటే మాట చెబుతున్నాడు. అక్కకి చూపు తగ్గింది, చేతిలో పని చెడింది, ఆ దిగులే ఆమెని తినేసింది అని. అదే నిజమైతే ఆ దిగులు తెచ్చింది నేను. ఈ పేజీ ఇస్తే నాన్న నా మొహం చూడడేమో. ఇవ్వకపోతే ల్యాబ్‌లో అందరూ మా అత్తని చెయ్యి తప్పిన మనిషిగానే గుర్తుంచుకుంటారు. ఆ చెయ్యి ఎప్పుడూ తప్పలేదు. ఇది చదువుతున్న మీకైనా అది తెలియాలి.

తలుపు కొడుతున్నారు. అమ్మ.

"ఓలే, మేడమొచ్చినారు. రాసినావా నేదా?"

రాశానని అనేశాను. కిటికీలోంచి కనిపిస్తున్నారు. మేడమ్ కుళాయి దగ్గర చెప్పులు విప్పి, మోచేతుల దాకా, వేళ్ల సందుల్లో కూడా, నెమ్మదిగా చేతులు కడుక్కుంటున్నారు. తుడుచుకోవడానికి అమ్మ అత్త తువ్వాలు అందిస్తోంది. నాన్న కంటపడకుండా మేడమ్ చేతికే ఇవ్వాలని, కాగితాలు మడిచి కుర్తా కింద నడుముకి దోపుకుంటున్నా