మూడో అరలో గంధం

మా మేస్త్రీ పోయారని చిత్తూరు నుంచి ట్రంక్ కాల్ వచ్చినప్పుడు నేను తిరుపతిలో మా ఆఫీసు కంప్యూటరు ముందు కూర్చుని మెమరీ పరీక్ష నడుపుతున్నాను. ఫోను పెట్టేసి, పరీక్ష పూర్తయ్యేదాకా కదలకుండా కూర్చున్నాను. దుఃఖంతో అని రాసుకుంటే అందంగా ఉండేది. మధ్యలో ఆపితే ఆయన తిడతారని భయంతో. రిటైరై ఆరు నెలలైనా, చివరికి పోయాక కూడా, నా మీద ఆయన పెత్తనం సడలలేదు.

పోయినవారి గురించి రాసేటప్పుడు వారిని ఎంత ప్రేమించామో చెప్పి మొదలుపెట్టడం మర్యాద. పాఠకులు క్షమించాలి. నేను నాలుగేళ్లపాటు ఆయనను చూసి కుళ్లుకున్నాను. శ్రద్ధగా, ఒక్క రోజు సెలవు పెట్టకుండా. ఆఫీసు పనిలో కూడా అంత క్రమశిక్షణ చూపలేదు. ఇప్పుడు ఆయన పోయారు. నాకు ఆ ఉద్యోగం ఊడింది.

కారణం లేకపోలేదు. నేను ఎమ్మెస్సీ. ఆపైన మద్రాసులో ఆరు నెలలు కంప్యూటరు మరమ్మతు కోర్సు. ఆయన చిత్తూరు బజారులో రేడియోలు బాగుచేసి, కరెంటు పనికని మా ఆఫీసులో చేరి, మద్రాసు నుంచి వచ్చే కంపెనీ ఇంజినీర్ల పక్కన నిలబడి చూసి చూసి నేర్చుకున్నవారు. మా కంప్యూటరు అంటే బీరువాలంత పెట్టెలు నాలుగు, వాటి కోసం ఒక ఏసీ గది. ఆ గదిలోకి వెళ్లే ముందు ఆయన చెప్పులు విప్పేవారు, ఉంగరం తీసి జేబులో వేసుకునేవారు, పెట్టె ఇనుప చట్రాన్ని ఒకసారి తాకేవారు, ఒంట్లో చేరిన కరెంటు లోపలి బోర్డులకు అంటకుండా. అది చూసి మా అటెండరు ఆ గదిలోకి పోయినప్పుడల్లా చట్రాన్ని తాకి చేతిని కళ్లకు అద్దుకునేవాడు. నేను తాకితే మాత్రం, "సార్, తుడిచినాను ఇప్పుడే, మరకలు పడతాయి" అనేవాడు.

ప్రతి సోమవారం పొద్దున యంత్రానికి పరీక్షలు. టేపు ఎక్కించి మీటలు నొక్కితే, అది తన జ్ఞాపకంలోని ప్రతి చోటా సున్నాలూ ఒకట్లూ రాసి, రాసింది రాసినట్టే ఉందా అని తిరిగి చదువుకుంటుంది. తేడా వస్తే టైపు మిషను టకటకా తప్పు అచ్చు వేస్తుంది. నేను మాన్యువల్‌లో పేజీ వెతుకుతుండగానే మేస్త్రీ ఆ చప్పుడు విని, తల కూడా ఎత్తకుండా, "రెండో బోర్డు" అనేవారు. నేను అరగంట లెక్కలు కట్టి, చెమటోడ్చి, రెండో బోర్డు దగ్గరికే చేరేవాణ్ని. యంత్రం బాగుందని నేను స్వయంగా వెళ్లి చెబితే మా మేనేజరు ఫైలులోంచి తలెత్తి, "సరేప్పా. మేస్త్రీ సూసినాడా?" అనేవారు. ఆ ఒక్క ప్రశ్న నాలుగేళ్లు నా అన్నంలో రాయిలా పడింది.

ఆయన రహస్యమంతా ఒకటే. "నువ్వు ముందే జబ్బుకు పేరు పెట్టొద్దప్పా. దాన్ని అడుగు. అదే సెప్తాది." అడగడమంటే, అనుమానం ఉన్న బోర్డును దాని అరలోంచి తీసి పక్క అరలోకి మార్చి పరీక్ష మళ్లీ నడపడం. తప్పు కూడా బోర్డు వెంటే పోతే జబ్బు బోర్డుది. పాత చోటే ఉండిపోతే జబ్బు అరది. "ఇంట్లో రోజూ జగడం జరగతా ఉంటే మనిషిని తిడితే ఎట్ల? ఆ మనిషిని నాలుగు దినాలు ఇంకో ఇంట్లో పెట్టి సూడు" అని వివరించేవారు. మాన్యువల్‌లో ఇదే సంగతి పదకొండు పేజీలు ఉంది.

మా గదిలో ఒక తప్పుల రిజిస్టరు ఉండేది. తేదీ, తప్పు, కారణం, కనిపెట్టినవారు అని నాలుగు గళ్లు. చివరి గడి నిండా మేస్త్రీ, మేస్త్రీ, మేస్త్రీ. ఆయన రిటైరయ్యేలోగా ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, ఆ గడిలో నా పేరు పడాలి. ఆ రోజుల్లో నేను కొండకు వెళ్లి మొక్కుకున్నది ఇదే. పెళ్లి గురించి కూడా కాదు.

ఆయన ఆఖరి ఏడాది ఆయుధపూజ వచ్చింది. యంత్రం ఆపి, పెట్టెలు తుడిచింది ఎప్పటిలాగే ఆయనే. బొట్లు బయటి తలుపులకే పెట్టాలి, కర్పూరం గది బయటే వెలిగించాలి, టెంకాయ మెట్ల దగ్గరే కొట్టాలి. సాయిబు మేస్త్రీ ఆజ్ఞ ప్రకారం పూజ జరిగేది, పూజ చేసే అయ్యవారు కూడా, "ఇంక పెట్టొచ్చునా మేస్త్రీ?" అని అడిగి బొట్టు పెట్టేవారు. నాకు ఒళ్లు మండింది. అందరూ బయట బొరుగులు పంచుకుంటుండగా నేను పెట్టె తలుపు తీసి, లోపలి బోర్డుల అంచులకు కూడా గంధం, కుంకుమ పెట్టాను. భక్తి అని ఎవరైనా అనుకుంటే నాకు అభ్యంతరం లేదు. ఆయనకు తోచనిది నాకు తోచిందన్న సంతోషం అది.

సెలవు తర్వాత యంత్రం ఆన్ చేస్తే వరుసగా మెమరీ తప్పులు. మేస్త్రీ తన కుర్చీ నా వైపు జరిపారు. "ఈ తూరి నువ్వు సూడప్పా. నేను పొయ్యేలోగా."

పొద్దుటి నుంచి మధ్యాహ్నందాకా పరీక్ష నడిపాను. తప్పులన్నీ మూడో బోర్డు మీదే. బోర్డు పోయింది, మద్రాసు నుంచి కొత్తది తెప్పించాలి అని ప్రకటించాను.

"మార్చి సూసినావా?"

"అక్కర్లేదు మేస్త్రీ. మాన్యువల్‌లో స్పష్టంగా ఉంది."

"మాన్యువల్ రాసినోడు మన గదికి వచ్చినాడా?"

నేను చేయి ఊపేసి భోజనానికి వెళ్లిపోయాను.

తిరిగి వచ్చేసరికి ఆయన మూడో బోర్డునూ నాలుగో బోర్డునూ అరలు మార్చి పరీక్ష నడిపేశారు, తప్పులు మాత్రం మూడో అరలోనే. ఇప్పుడు ఆ అర ఖాళీ చేసి, టార్చి పట్టుకుని లోపలికి తొంగి చూస్తున్నారు. చిన్న పట్టకారుతో ఏదో గీకి తీసి, పేపరు ముక్క మీద పెట్టి నా ముందుకు జరిపారు. ఎండిపోయిన పసుపుపచ్చ పెచ్చు, పక్కన ఎర్రగా. తడి గంధం బోర్డు అంచు మీది నుంచి కారి అరలోకి దిగింది.

"కంపెనీవాళ్లు గంధం పూసి పంపరు గదా సారూ?"

నాలుగేళ్లుగా నన్ను అప్పా అన్న మనిషి అప్పుడే మొదటిసారి సారూ అన్నారు. నేను నేల చూశాను. సరిగ్గా అప్పుడే మేనేజరు వచ్చారు.

"ఏమైందప్పా? మద్రాసుకు టెలిగ్రాం ఇద్దామా?"

నేను నోరు తెరిచాను. మాట రాలేదు. మేస్త్రీకి వచ్చింది.

"వద్దు సార్. అరలో మురికి సేరింది, అంతే. ఈ అబ్బే కనిపెట్టినాడు."

మేనేజరు నా చేయి పట్టుకుని ఊపారు. మేస్త్రీ స్పిరిటులో గుడ్డ ముంచి అర తుడిచి, చేతులు కడుక్కుని వచ్చి, రిజిస్టరు తెరిచి, కారణం గడిలో 'మురికి' అని, చివరి గడిలో గుండ్రటి అక్షరాలతో, ఇంటిపేరుతో సహా నా పేరు రాశారు. ఆ తర్వాత ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. అంతవరకు ఆయన చెవిని, చేతిని చూసి కుళ్లుకున్నాను. అక్కడి నుంచి కుళ్లుకోవడానికి అవి చాలలేదు. ఆయన స్థానంలో నేనుంటే ఆ పెచ్చును మేనేజరు బల్ల మీద పెట్టేవాణ్ని. ఆ తేడా ఏ పరీక్ష నడిపితే పోతుందో నాకు తెలియలేదు.

ఆయన పోయిన మూడో రోజున చిత్తూరు వెళ్లాను. ఆయన కొడుకు కుర్చీ వేశాడు. ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని, చెప్పలేక చెప్పలేక, గంధం సంగతి చెప్పేశాను. కనిపెట్టింది మీ నాయనే, నేను కాదు అన్నాను. కొడుకు తల వంచుకుని నవ్వు ఆపుకుంటున్నాడు. లోపలి గది పరదా వెనక నుంచి ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన ఆడగొంతు వినిపించింది.

"ఆ గంధం సారేనా రా వచ్చినాడు?"

"అవునమ్మా."

"ఆ దినం ఇంటికొచ్చి నవ్వి నవ్వి అన్నం తినలేదు మీ నాయన. యాడా సెప్పొద్దని మాతో ఒట్టు పెట్టించినాడు. ఆయప్పకు చాయ్ ఇయ్యి."

చాయ్ తాగాను. లేచేటప్పుడు కొడుకుని ఆయన పూర్తి పేరు అడిగాను. నాలుగేళ్లలో నేనెన్నడూ అడగలేదు. అతను ఒక కాగితం మీద రాసి ఇచ్చాడు.

మర్నాడు పొద్దున తప్పుల రిజిస్టరు తీశాను. కారణం అన్న గడిలో 'మురికి' కొట్టేసి 'గంధం, పెట్టినవారు' అని రాసి నా పేరు చేర్చాను. పక్క గడిలో ఉన్న నా పేరు కొట్టేశాను. మేనేజరు భుజం మీది నుంచి చూసి, "అయిపోయినదానికి ఇప్పుడెందుకప్పా?" అన్నారు. నేను మేస్త్రీ కొడుకు ఇచ్చిన కాగితం చూసి ఆయన పేరు రాయడం మొదలుపెట్టాను. తాత పేరు, తండ్రి పేరు, తన పేరు. గడి చాలలేదు. అక్షరాలు గీత దాటి, మార్జిను దాటి, కాగితం అంచుదాకా వెళ్లాయి. ఏసీ చలిలో సిరా తొందరగా ఆరలేదు. రిజిస్టరు మూయకుండా అలాగే తెరిచి ఉంచాను.