నాగేశ్వరి అందించిన మాటలు

ఒరిస్సా బరంపురంలో గిరి రోడ్డు వెనక సందులో నాగేశ్వరి టీచరంటే తెలియనివాళ్ళు లేరు. చాలా ఏళ్ళు బడిలో తెలుగు చెప్పి రిటైరైంది. పద్యం అప్పజెప్పే పిల్ల ఒక మాట దగ్గర తడబడితే చాలు, తర్వాతి మాట ఆవిడే అందించేసేది. ఒరియాలో అర్జీ రాయించుకోవాలన్నా, ఆస్పత్రికి తోడు కావాలన్నా సందులోవాళ్ళు ఆవిడ దగ్గరికే వచ్చేవారు. వాళ్ళు సగం చెప్పేసరికి మిగతా సగం ఆవిడకు అర్థమైపోయేది. అది తనలోని మంచి గుణమనే అనుకునేది. భర్త పోయాక ఆ ఇంట్లో ఒక్కతే ఉంటోంది.

చెల్లెలు వాగ్దేవి అక్కడికి దగ్గర్లోని దిగపహండి పోస్టాఫీసులో గుమాస్తా. పెళ్ళి చేసుకోలేదు. పోస్టాఫీసుకు ఎదురుసందులో రెండు గదుల ఇల్లు అద్దెకు తీసుకుని ఏళ్ళ తరబడి అందులోనే ఉంది. పోయిన వేసవిలో ఆమెకు పక్షవాతం వచ్చింది. నడక తిరిగొచ్చింది, కుడిచెయ్యి కొంత తేరుకుంది, మాట మాత్రం చిక్కుపడిపోయింది. మనసులో ఉన్నది నోటిదాకా వచ్చి అక్కడే ఆగిపోయేది. నాగేశ్వరి ఆమెను తన ఇంటికి తెచ్చేసుకుంది.

"మాట కోసం ఆవిణ్ణే వెతుక్కోనివ్వండి. ఎంతసేపైనా ఆగండి," అని డాక్టరు చెప్పాడు. నాగేశ్వరి బుద్ధిగా తలూపింది.

ఇంటికొచ్చాక వాగ్దేవి "నీ..." అనగానే, "నీళ్ళు కావాలేటి?" అంటూ గ్లాసు తెచ్చేది. "అ..." అంటే కంచం పెట్టేది. దాహం లేకపోయినా వాగ్దేవి ఆ నీళ్ళు తాగేది. కొన్నాళ్ళకు ఆ మాత్రం ప్రయత్నమూ మానేసింది. "నాను లేకపోతే దానికి నోరే లేదు," అని నాగేశ్వరి అందరితో జాలిగా చెప్పుకునేది.

ఇంతలో దిగపహండి అద్దె ఇంటి యజమానులు ఫోన్ చేశారు. ఇల్లు ఉంచుకుంటారా, వదిలేస్తారా అని.

"ఇంకా ఆ ఇల్లెందుకే? ఖాళీ సేసీద్దాం కదా?" అంది నాగేశ్వరి.

వాగ్దేవి మంచం మీద లేచి కూర్చుంది. "నా... నా..."

"నాకెందుకంటావు. అంతే కదా! నాకు తెల్సులే."

మర్నాడే వెళ్ళి మంచం, బీరువా ఎవరికో ఇచ్చేసి, బట్టలూ గిన్నెలూ ఆటోలో వేసుకొచ్చింది. చెల్లెలికి ఓ బెంగ తీర్చానని తృప్తిపడింది. వాగ్దేవి ఆ రోజు అన్నం తినలేదు. ఒంట్లో నలతేమో అనుకుంది నాగేశ్వరి.

మేడమీద వాటాలో స్మిత అనే ఒరియా పిల్ల కొత్తగా కాపురానికొచ్చింది. తెలుగు అంతంతమాత్రం. ఒక మధ్యాహ్నం నాగేశ్వరి బజారు నుంచి వచ్చి చెప్పులు విడుస్తుంటే పెరట్లోంచి మాటలు వినిపించాయి. స్మిత గొంతు తెలిసింది. రెండోది ఎవరిదో వెంటనే పోల్చుకోలేకపోయింది. అది తన చెల్లెలిదే.

"నా... ఇల్లు," అంటోంది వాగ్దేవి.

"ఇల్లు? ఘర?" స్మిత తన భాషలోకి మార్చుకుని మళ్ళీ ఊరుకుంది. తెలుగు సరిగా రానిది కాబట్టి ప్రతి మాటకూ ఆగి చూస్తోంది.

"అక్క... ఇచ్చీసింది."

"నువ్వు వద్దు సెప్పలేదా, మావుసీ?" పిన్నీ అన్నట్టుగా అడిగింది స్మిత.

చాలాసేపు ఏమీ వినబడలేదు. పెరటి తలుపు వెనక నిలబడ్డ నాగేశ్వరి పెదవులు వాటంతటవే కదిలాయి. 'సెప్పలేకపోయాను,' అని చెల్లెలి మాట తను పూర్తిచేసింది.

"సెప్ప... నివ్వలేదు," అంది వాగ్దేవి.

నాగేశ్వరి చేతిలో కూరల సంచీ అలాగే ఉండిపోయింది. ముందు కోపం వచ్చింది. ఇంత చాకిరీ చేస్తే ఈ మాటా! నిన్న మొన్న వచ్చిన పిల్లతో వచ్చే మాటలు నాతో రావేం? కానీ ఇందాక కదిలిన తన పెదవులు గుర్తొచ్చి కోపం నిలవలేదు. ఎవరూ అడగకుండా, చాటున నిలబడి కూడా మాట అందించింది. అదీ తప్పు మాట. ఇన్నాళ్ళూ ఎన్ని తప్పు మాటలు ఆ నోట్లో పెట్టిందో! బళ్ళో తల దించుకుని కూర్చుండిపోయిన పిల్లలు కూడా గుర్తొచ్చారు.

దిగపహండికి ఫోన్ చేసింది. ఇంట్లో వేరేవాళ్ళు దిగిపోయారన్నారు.

ఆ సాయంత్రం చెల్లెలి పక్కన కూర్చుంది. "తప్పయిపోయిందమ్మీ. నీ ఇల్లు నిన్ను అడక్కుండా తీసీశాను. ఏటంటే, నీ మంచికే అనుకున్నాను, ఒక్కదానివీ అక్కడ ఎలాగుంటావని, మళ్ళీ డాక్టరు కూడా..."

వాగ్దేవి ఎడమచెయ్యి ఎత్తింది. నాగేశ్వరి ఆపేసింది.

"నాను... ఆగితే... నీకు... బ..."

'బరువు' అనే మాట నాగేశ్వరి నాలుక చివరికొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వంటింట్లో కుక్కరు కూతపెట్టినా లేవలేదు.

"బయం," అంది వాగ్దేవి.

నిజమే. భర్త పోయిన నాటి నుంచి ఇంట్లో మాట లేకపోతే ఆవిడకు గుండె దడదడలాడేది. చెల్లెలి కోసమని నింపిందంతా తన భయంతోనే నింపింది. ఆ సంగతి తనకు తెలియనే లేదు, నోరు పెగలని చెల్లెలికి తెలిసింది.

తర్వాతి నెల ఇద్దరూ బస్సెక్కి దిగపహండి పోస్టాఫీసుకు వెళ్ళారు. పోస్టుమాస్టరు పూర్ణచంద్ర వాగ్దేవికి కుర్చీ వేసి, "ఎప్పుడొస్తారు డ్యూటీకి?" అని అడిగాడు.

"ఇంకా టైము పడతాది సార్," అనేసింది నాగేశ్వరి.

వాగ్దేవి అక్కవైపు చూసింది. అంతే. నాగేశ్వరికి మొహం చెల్లలేదు. "నాను బయట కూర్చుంటాను," అని లేచి వచ్చేసింది.

గుమ్మంలోంచి ఎదురుసందులోని ఆ ఇల్లు కనబడుతోంది. తాడు మీద ఎవరివో పిల్లల బట్టలు ఆరేసి ఉన్నాయి. చూడలేక తల తిప్పుకుంది.

చాలాసేపటికి వాగ్దేవి బయటికొచ్చింది. ఏమన్నారని నాగేశ్వరి అడగలేదు. బస్టాండుకు నడుస్తుంటే వాగ్దేవే చెప్పింది. "వచ్చే... నెల... జాయిన్."

"ఎక్కడుంటావు?" అని అడిగి ఊరుకుంది నాగేశ్వరి. రోజూ బస్సులో పంపడమా, తెలిసినవాళ్ళింట్లో గదా అని మనసులో జవాబులు తోసుకొస్తూనే ఉన్నాయి. బస్సు వచ్చింది, ఎక్కారు. ఊరు దాటింది.

"ఇల్లు... నానే... ఎతుక్కుంటాను," అంది వాగ్దేవి.

"నన్ను కూడా రమ్మంటావేటి?"

వాగ్దేవి ఆలోచించింది. "మాటాడకుండా... ఉండగలవా?"

నాగేశ్వరి వెంటనే అవుననబోయి ఆగింది. కిటికీలోంచి పొలాల వైపు చూసి, "తెల్దమ్మీ," అంది.